అత్తయ్యగారి దవడ పన్నుకు బ్రిడ్జా, ఇంప్లాంటా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది రాజమహేంద్రవరం. మా అత్తయ్యగారికి 72 ఏళ్లు. కింద ఎడమవైపు పెద్ద దవడ పన్ను పుచ్చిపోతే ఎనిమిది నెలల కిందట తీయించాం. దాని ముందు పన్నుకు ఆరేళ్ల కిందటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. వెనక పన్నులో పెద్ద ఫిల్లింగ్ ఉంది. ఇక్కడి డాక్టరు బ్రిడ్జి వేస్తానన్నారు. విజయవాడలో చూపిస్తే, ‘ఈ రోజుల్లో బ్రిడ్జి ఎవరు వేయించుకుంటున్నారండీ, ఇంప్లాంట్ పెట్టించండి’ అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా బావగారు ‘కొత్త టెక్నాలజీ, అదే పెట్టించండి, డబ్బు నేను పంపిస్తా’ అంటున్నారు. మావారు బ్రిడ్జి చాలంటారు. అత్తయ్యగారేమో ‘ఈ వయసులో నాకు పన్నెందుకే’ అంటారు. ఆవిడకు షుగరుంది, మూడు నెలల సగటు 8.6 వచ్చింది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. మార్చిలో ఆర్నెల్లకని డల్లాస్ వెళ్లాలి, అంటే ఇంక మూడు నెలలు కూడా లేదు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు? అన్నట్టు, ఎముకల బలానికని ఐదేళ్లుగా ఆదివారం పొద్దున్నే పరగడుపున ఓ మాత్ర కూడా వేసుకుంటారు. - ఓ కోడలు

జవాబు: ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు ‘అన్నట్టు’ అంటూ ఆఖర్న రాశారమ్మా. ఆ ఆదివారం మాత్ర. దాని సంగతి ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. షుగరు చెబుతారు, బీపీ చెబుతారు, స్టెంట్ గురించి అడక్కపోయినా చెబుతారు. దీన్ని మాత్రం ‘అబ్బే, అది బలానికండీ’ అని లెక్కలోంచి తీసేస్తారు. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ల చేత మందుల సంచీ బల్ల మీద కుమ్మరింపజేస్తే గానీ చాలాసార్లు అది బయటపడదు.

వారానికోసారి, పరగడుపున, నిండు గ్లాసుడు నీళ్లతో, వేసుకున్నాక అరగంట దాకా నడుం వాల్చకూడదు అని చెప్పి ఇచ్చారంటే అది అలెండ్రోనేట్ కావచ్చు, లేదా ఆ కోవకే చెందిన మరో మందు కావచ్చు. అట్ట మీద పేరు ఓసారి చూడండి. మన ఒంట్లో పాత ఎముకను తినేసే కణాలు కొన్ని ఉంటాయి, అవి తినేసిన చోట కొత్త ఎముక పోసుకుంటుంది. వయసు మీదపడ్డాక తినేది ఎక్కువ, పోసేది తక్కువ. ఈ మందు ఆ తినే కణాల జోరు తగ్గిస్తుంది. తుంటి విరక్కుండా, వెన్నుపూస కుంగకుండా కాపాడేది అదే. చిక్కల్లా దవడ దగ్గర. పన్ను తీసినా, డ్రిల్ పెట్టినా అక్కడ చెడిన ఎముకను ముందు తినేస్తేనే కొత్తది వచ్చి గాయం మానుతుంది. ఆ పని మందగిస్తే అరుదుగా కొందరికి చిగురు మూసుకోక, ఎముక బయటికి కనబడుతూ నెలల తరబడి మానదు. దీన్ని డాక్టర్లు గుర్తించి రాయడం మొదలైంది 2003లో, అంటే మరీ పాత సంగతేం కాదు.

కంగారు పడకండి. ఎముకల బోలుతనానికి మాత్రలు వాడేవాళ్లలో ఇది చాలా చాలా అరుదు. క్యాన్సర్ కోసం ఇదే జాతి మందును పెద్ద మోతాదులో సూదిగా తీసుకునేవాళ్లకే ఎక్కువ భయం. పైగా మీ అత్తయ్యగారికి పన్ను తీసిన చోటు మామూలుగానే మానినట్టుంది, అది మంచి గుర్తు. అయినా ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో డ్రిల్ పెట్టి బిగించే టైటానియం స్క్రూ, దాని మీదే పన్ను కూర్చుంటుంది. ఐదేళ్ల వాడకం అంటే అలా డ్రిల్ పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తాం. షుగరు కూడా తోడైతే మూడోసారి ఆలోచిస్తాం.

ఇది చదివి మాత్ర మానేయించేరు సుమా! ఆ మందు ఎముకలోకి చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, రెండు ఆదివారాలు ఎగ్గొట్టినంత మాత్రాన దవడకు ఒరిగేదేమీ లేదు. ఉంచాలా ఆపాలా అన్నది రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. ఇతర పాఠకులకు ఇక్కడే ఓ మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎముకలకని ఆర్నెల్లకోసారి చర్మం కింద సూది వేయించుకుంటుంటే, పంటి కోసమని దాన్ని వాయిదా వేయడం ఇంకా ప్రమాదం. ఆ మందు ఆలస్యమైతే వెన్నుపూసలు విరగొచ్చు. పంటి పనే ఆ సూది తేదీని చూసుకుని పెట్టుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. మీ అత్తయ్యగారికి నేనైతే బ్రిడ్జే వేస్తాను, అదీ ముందు పన్ను పరీక్షలో నెగ్గితే. కారణం వయసు కాదు, ఖర్చు కూడా కాదు. ఆవిడ పక్క పళ్లు.

రాజమహేంద్రవరం వాళ్లకు వంతెన గురించి నేను చెప్పాలా? 1897లో కట్టడం మొదలై, 1900 నుంచి దాదాపు వందేళ్లు రైళ్లను మోసిన హేవలాక్ వంతెన మీ ఊళ్లోదే. రైళ్లు ఆగి పాతికేళ్లు దాటినా ఆ రాతి స్తంభాలు గోదాట్లో అలాగే నిలబడి ఉన్నాయి. పైన పట్టాలు మార్చొచ్చు, గర్డర్లు మార్చొచ్చు. బరువు మోసేవి మాత్రం స్తంభాలే. పంటి బ్రిడ్జి కూడా అంతే. పోయిన పన్నుకు అటొకటి ఇటొకటి ఉన్న పళ్లను చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మేర అరగదీసి, వాటి మీద రెండు క్యాపులు, మధ్యలో వేలాడే పన్ను ఒకటి, మూడూ ఒకే ముక్కగా చేసి అతికిస్తారు. ఆ రోజునుంచి రెండు పళ్లు మూడు పళ్ల బరువు మోస్తాయి.

అందుకే పక్క పళ్లు రెండూ ముట్టుకోని, చెక్కుచెదరని పళ్లయితే బ్రిడ్జి అంటే నాకు చేతులాడవు. అరిగించిన పంటి పైపొర (ఎనామిల్) మళ్లీ రాదు. మంచి పళ్లను రెంటిని కోసి ఒక పన్ను పెట్టడం, పక్కింటి రెండు గోడలు కొట్టి మనింటికి వరండా వేసుకున్నట్టుంటుంది. షుగరు అదుపులో ఉండి, పక్క పళ్లు శుభ్రంగా ఉన్న 80 ఏళ్ల పెద్దాయన వస్తే నేను ఇంప్లాంటే మంచిదంటాను. వయసొక్కటే దానికి అడ్డు కాదు.

మీ అత్తయ్యగారి విషయంలో ఆ కోతలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ముందు పన్ను మీద క్యాప్ ఉండనే ఉంది. వెనక పన్నులో సగం ఫిల్లింగే, నేడో రేపో దానికీ క్యాప్ అవసరమే. బ్రిడ్జి వేస్తే ఆవిడ కొత్తగా పోగొట్టుకునేది చాలా తక్కువ. పక్క పళ్లు పాడవుతాయన్నదే బ్రిడ్జికి ఉన్న పెద్ద పేచీ, ఇక్కడ ఆ పేచీ లేదు.

అయితే ఆ ముందు పన్నే నాకు కాస్త గుబులు. రూట్ కెనాల్ చేసిన పన్ను లోపల తొలిచిన కర్రలా బలహీనంగా ఉంటుంది, పైగా అది చిన్న దవడ పన్ను. తన బరువు తాను మోసుకుంటూ ఆరేళ్లు బాగానే ఉంది సరే, పక్క బరువు కూడా నెత్తినేస్తే తట్టుకుంటుందా? దానికి చిన్న ఎక్స్‌రే ఒకటి తీయించండి. వేరు చివర నల్లటి నీడ ఉందా, లోపలి ఫిల్లింగ్ వేరు చివరిదాకా వెళ్లిందా, చుట్టూ ఎముక ఎంత ఉంది, ఇవి అందులో తెలుస్తాయి. తెలియనిది ఇంకొకటుంది. క్యాప్ కింద పన్ను ఎంత మిగిలింది అన్నది. పాత క్యాప్ కోసి తీస్తే గానీ అది చూడలేం. చిగురు పైన చుట్టూతా కనీసం రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంగరంలా మిగిలితే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. అంతకన్నా తక్కువుంటే నేనైతే బ్రిడ్జి వేయను. మీ డాక్టరుగారిని ముందే అడగండి: ‘క్యాప్ తీశాక లోపల బాగోలేకపోతే ఏం చేస్తారండీ?’ అని. దీనికి చక్కగా జవాబు చెప్పిన డాక్టరు చేతిలో మీ అత్తయ్యగారిని నిశ్చింతగా పెట్టొచ్చు.

బావగారి మాటకొద్దాం. ఇంప్లాంట్ కొత్త టెక్నాలజీ అన్నారు గానీ అది కొత్తదేం కాదు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం ఒకటి పెట్టి పరిశోధన చేశారు. తర్వాత తీయబోతే రాలేదు, ఎముక దాన్ని తనదే అనుకుని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు. ఆయన 2006లో పోయేదాకా, నలభై ఏళ్లకు పైగా, ఆ పళ్లతోనే తిన్నాడు. ఇంత నమ్మకమైన వైద్యం మీద నాకు చిన్నచూపు ఉంటుందా? నేనూ పెడతాను.

కానీ ఆ ‘పట్టేసుకోవడం’ అనే పనే మొత్తం ఎముక చేతిలో ఉంది. స్క్రూ బిగించేది మేము, నిలబెట్టేది ఆవిడ ఎముక, ఆవిడ రక్తం. మూడు నెలల సగటు 8.6 అంటే రాత్రీ పగలూ కలిపి సగటున షుగరు 200 దగ్గర నడుస్తోందని అర్థం. ఆ షుగరుతో మోకాలి మీద గీరుకుంటే మానడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు. ఇంప్లాంట్ పెట్టాలంటే ముందు దాన్ని 7, మహా అయితే ఏడున్నర దగ్గరికి తేవాలి. అది మూడు నెలల సగటు కాబట్టి దిగిందని తెలియడానికే ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. ఆపైన ఇంప్లాంట్ పెట్టాక కింది దవడలో ఎముక పట్టుకోవడానికి ఇంకో మూడు నెలలు. పైన క్యాప్ ఆ తర్వాతే. ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్న చోటు కదా, ఎముక వెడల్పు కూడా తగ్గి ఉంటుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే సగం దాకా తగ్గొచ్చు. స్కాన్ తీసి చూస్తే ఎముక పొడి పోయాల్సి రావచ్చు, అప్పుడు ఇంకొన్ని నెలలు. మార్చి ప్రయాణం ఈ లెక్కలో ఎక్కడైనా ఇముడుతుందా మీరే చెప్పండి.

సగం పనితో విమానం ఎక్కించడం మాత్రం వద్దు. అక్కడ ఒక ఇంప్లాంట్, దాని మీది క్యాప్ కలిపి కొన్ని వేల డాలర్లు. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు తీసుకునే ప్రయాణ బీమాల్లో ముందునుంచీ ఉన్న పంటి సమస్యలు సాధారణంగా కలవవు. ఇక్కడ పెట్టిన స్క్రూకి అక్కడ క్యాప్ బిగించాలంటే ఏ కంపెనీది, ఎంత లావు, ఎంత పొడవు అన్నది కావాలి. (ఇప్పటికే ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఆ స్టిక్కరు, ఆ కార్డు పాస్‌పోర్టుతోపాటు దాచుకోండి. చాలామంది బిల్లుతోపాటు పారేస్తారు.) బావగారికి ఈ నెలల లెక్కే చెప్పండి. ‘ఇంప్లాంట్ మంచిది కాదు’ అని వాదనకు దిగితే ఆయన ఇంకో నాలుగు వీడియోలు పంపిస్తారు.

స్టెంట్ మాత్రల గురించి. పంటి పనని చెప్పి వాటిని మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపకండి. ‘రెండ్రోజులు ఆపేసి రండి’ అని ఎవరైనా నోటిమాటగా అన్నా సరే, గుండె డాక్టరు చేత కాగితం మీద రాయించుకోనిదే ఆపొద్దు. చిగురు నుంచి కారే రక్తాన్ని దూది పెట్టి నొక్కి ఆపొచ్చు, స్టెంట్‌లో గడ్డకట్టిన రక్తాన్ని మేము ఏమీ చేయలేం. బ్రిడ్జి పనిలో చిగురుకు కోత ఉండదు కాబట్టి అసలు ఆ చర్చే పెద్దగా రాదు. మత్తు సూది, అరగదీత, అచ్చు, అంతే. పొద్దుటిపూట, టిఫిన్ తినిపించి, షుగరు మాత్ర వేయించి తీసుకెళ్లండి. పంటి పనికదా అని ఖాళీ కడుపుతో తెచ్చి, కుర్చీలో షుగరు పడిపోయి చెమటలు పట్టించుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

చుట్ట, బీడీ అలవాటు గురించి మీరు రాయలేదు కనక లేదనే అనుకుంటాను. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఉత్తరమొస్తే ఆడవాళ్ల విషయంలోనూ ముందు అడ్డపొగ సంగతి అడుగుతాను. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఆ చుట్టతో అంగిలి సంగతే ముందు చూడాలి, పన్ను సంగతి తర్వాత.

మన్నిక మాటేమిటంటారా? ‘ఇంప్లాంట్ జీవితాంతం, బ్రిడ్జి ఐదేళ్లు’ అని ఎవరైనా అంటే అది అమ్ముకునే మాట. పదేళ్ల తర్వాత చూస్తే రెండూ ఇంచుమించు పదింటికి తొమ్మిది నోట్లో ఉంటున్నాయని లెక్కలున్నాయి. తేడా అంతా చెడినప్పుడు ఎలా చెడుతుందన్నదాంట్లోనే. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, చుట్టూ చిగురు వాచి ఎముక కరిగిపోతుంది. బ్రిడ్జికి కింద పన్ను పుచ్చుతుంది. రెండూ నొప్పి లేకుండానే మొదలవుతాయి.

ఈ రెండోది నాకు నేర్పింది ఒక పెద్దావిడ. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆవిడకు ఇలాగే కింది దవడలో బ్రిడ్జి వేశాను. బాగా కుదిరిందని నేనే మురిసిపోయాను. ఏడేళ్లకు వచ్చింది, ‘నోరు వాసనొస్తోందమ్మా, మనవడు దగ్గరికి రావట్లేదు’ అంటూ. పనిముట్టు కూడా అక్కర్లేకపోయింది, రెండు వేళ్లతో పట్టుకోగానే మూడు పళ్లూ కలిపి చేతిలోకి వచ్చేశాయి. లోపల సిమెంటు ఎప్పుడో కరిగిపోయి ఉంది. వెనక పన్ను నానిన చెక్కలా నల్లగా, మెత్తగా ఉంది, పళ్లు తడిమి చూసే సన్నని ముల్లు, ప్రోబు, ఆనిస్తే దిగిపోయింది. వేలాడే పన్ను కింద పాచి పట్టి గట్టిపడిన గార. ఆవిడ రోజూ రెండుపూటలా బ్రష్ చేసుకునేది, ఏమన్నా ఇరుక్కుంటే జాకెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చుకునేది. తప్పు ఆవిడది కాదు. బ్రిడ్జి కింద ఎలా శుభ్రం చేసుకోవాలో నేను ఒక్కసారి కూడా చేసి చూపించలేదు. ఒక్క పన్ను లేని చోట మూడు లేకుండా పోయాయి.

అందుకని ఇక్కడ కాస్త విడమరచి రాస్తాను. మధ్యలో వేలాడే పన్నుకూ చిగురుకూ నడుమ సన్నని సందు ఉంటుంది, ఉండాలి కూడా. ‘కింద దారం దూరేలా చేయండి’ అని డాక్టరుకి ముందే చెప్పండి. బ్రిడ్జి కోసం ప్రత్యేకంగా ఫ్లాస్ అమ్ముతారు. ఒక కొస సూదిలా గట్టిగా, మధ్యలో ఊలుదారంలా బొద్దుగా ఉంటుంది. గట్టి కొసను బుగ్గ వైపు నుంచి ఆ సందులోకి తోసి, నాలుక వైపు అందుకుని లాగాలి. బొద్దుభాగం కిందికి రాగానే కుండ అడుగు తోమినట్టు అటూ ఇటూ నాలుగైదుసార్లు ఆడించి, రెండు పక్కల పళ్ల గోడలకూ ఆనించి తుడిచి, ఒకవైపు నుంచి లాగేయాలి. తీసిన దారం వాసన చూస్తే చాలు, ఎందుకు చేయాలో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి పడుకోబోయే ముందు రోజూ ఒక్కసారి చాలు. కాలవ పూడిక తీయడం లాంటిదే ఇది, ఏటా వేసవిలో డెల్టా కాలవలకు చేస్తారు, ఇక్కడ రోజూ చేయాలి.

ఆవిడ వేళ్లకు అది కుదురుతుందా అన్నది చూడండి. సూదిలో దారం ఎక్కించగలిగితే ఇది కూడా చేయగలరు. కీళ్లనొప్పులుండి వేళ్లు వంగకపోతే నీళ్లు చిమ్మే మెషీన్, వాటర్ ఫ్లాసర్ అంటారు, అది కొనండి. ఇంప్లాంట్ పెట్టినా ఈ శుభ్రం తప్పదు. ఇంకో ఐదేళ్లకో పదేళ్లకో ఆవిడ చేసుకోలేని రోజు వస్తే ఆ పని ఎవరి చేతిమీద పడుతుందో ఉత్తరం రాసిన మీకు తెలుసు. కాబట్టి డాక్టరు నేర్పేటప్పుడు పక్కన మీరు కూడా నిలబడండి. వీలైతే మీవారిని కూడా నిలబెట్టండి, పన్ను ఆయన అమ్మది.

పని ఇలా జరుగుతుంది. మొదటిరోజు పాత క్యాప్ తీయడం, పళ్లు అరగదీయడం, అచ్చు తీసుకోవడం, తాత్కాలికంగా ప్లాస్టిక్ పళ్లు పెట్టడం. ఓ వారానికి ల్యాబ్ నుంచి వస్తుంది. పెట్టి చూసినప్పుడు నీలం కాగితం కరిపిస్తారు, ఎక్కడ ఎత్తుందో అక్కడ మరక పడుతుంది, అక్కడ అరగదీస్తారు. ఈ ఘట్టంలో మన పెద్దవాళ్లు చేసే పనొకటుంది. ఎత్తు తగులుతున్నా ‘పర్లేదు బాబూ, అలవాటైపోతుందిలే’ అంటారు, డాక్టరుకి శ్రమ అని. అలవాటు కాదు. రోజుకు కొన్ని వందలసార్లు ఆ ఎత్తు మీదే పడి కింది పన్ను నొప్పెడుతుంది, లేదా పింగాణి పగులుతుంది. ‘అత్తయ్యా, సరిగ్గా చెప్పండి’ అని మీరు పక్కనుండి గుచ్చి గుచ్చి అడగాలి. జనవరి నెలాఖరుకు అతికించేస్తే, ప్రయాణానికి ముందు ఓ నెల రోజులు తిని చూసుకోవడానికి, ఏమన్నా తేడా ఉంటే సరిచేయించుకోవడానికి వ్యవధి ఉంటుంది.

లోహం మీద పింగాణి వేసింది చాలా, జిర్కోనియా (లోహం లేని గట్టి పింగాణి రకం) కావాలా అని ఎలాగూ అడుగుతారు. వెనక పన్నుకు ఏదైనా పరవాలేదు. జిర్కోనియా అంత తేలిగ్గా పగలదు, ఖరీదు ఎక్కువ. ఆవిడకు భోజనమయ్యాక వక్క నమిలే అలవాటుంటే ఆ డబ్బు దానికే పెట్టండి. ఖర్చు ఊరిని బట్టి, ల్యాబ్‌ను బట్టి మారుతుంది. నేను చూసినంతలో మూడు పళ్ల బ్రిడ్జి మామూలుదైతే పన్నెండు వేల నుంచి ఇరవై వేల దాకా, జిర్కోనియా అయితే దానికి రెట్టింపు దాకా, ఇంప్లాంట్ క్యాపుతో కలిపి పాతిక వేల నుంచి యాభై, అరవై వేల దాకా అవుతోంది. చేతిలో పెట్టే గ్యారంటీ కార్డు చదవండి, అది పైన తొడిగే వస్తువుకే, కింది పన్నుకు కాదు. ఖర్చు భరించలేని పాఠకులు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో చూపించుకోవచ్చు. ఎక్కువసార్లు తిరగాలి, ఆలస్యమవుతుంది, కానీ పని పెద్ద డాక్టర్ల కళ్లముందు జరుగుతుంది.

ఒకవేళ క్యాప్ తీశాక ఆ ముందు పన్ను పనికిరాదని తేలిందనుకోండి. హడావుడిగా ఇంకేదో పెట్టించకండి. ఆ ఒక్క పన్నునీ సరిచేయించి, ఖాళీని ఖాళీగానే ఉంచి డల్లాస్ పంపండి. ఎనిమిది నెలలుగా లేని పన్ను ఇంకో ఆర్నెల్లు లేకపోతే కొంప మునగదు. పై పన్ను కాస్త కిందికి దిగొచ్చు, వెనక పన్ను కాస్త ఒరగొచ్చు. తిరిగొచ్చాక, షుగరు దిగి ఉంటే, ఆదివారం మాత్ర రాసిన డాక్టరుతో మాట్లాడి అప్పుడు ఇంప్లాంట్ గురించి కూర్చుని ఆలోచించుకోవచ్చు. తీసి పెట్టుకునే పన్ను కూడా ఉంది గానీ, ఒక్క పన్ను కోసం దాన్ని ఇష్టంగా వాడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. మంచం పక్కన గ్లాసులోనే ఉండిపోతుంది.

ఇక ‘ఈ వయసులో నాకు పన్నెందుకే’ అన్న మాట. అది వద్దనడమా, ఖర్చు పెట్టించడం ఇష్టం లేక అనడమా అన్నది మీరు కనుక్కోవాలి. జపాన్‌లో 1989 నుంచి ఒక ప్రచారం నడుస్తోంది, 80 ఏళ్లు వచ్చినా సొంత పళ్లు 20 ఉండాలని. ఇరవై ఉంటే చాలావరకు అన్నీ తినొచ్చన్నది దాని లెక్క. మీ అత్తయ్యగారికి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆవిడను ‘పన్ను కావాలా’ అని అడక్కండి, ‘వద్దు’ అనే వస్తుంది. ఈమధ్య ఏమేం తినడం మానేశారో అడగండి. లేదా గమనించండి. జంతికను కాఫీలో ముంచి తింటున్నారా, మునక్కాయ ముక్కను చప్పరించి పక్కన పెట్టేస్తున్నారా, అన్నీ కుడివైపుకే తోసుకుంటున్నారా? కుడివైపు పళ్లతో కులాసాగా అన్నీ తింటూ, నిజంగానే వద్దంటుంటే మానేయండి. అదీ ఒక మంచి నిర్ణయమే, దానికి బావగారి అనుమతి అక్కర్లేదు. కానీ కూరలు, పప్పుగింజలు వదిలేసి మెత్తని అన్నం, ఇడ్లీ, ఉప్మాలతో సరిపెట్టుకుంటూ ఉంటే ఆ 8.6కి అదీ ఒక కారణం కావచ్చు.

షుగరు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, బ్రిడ్జి కన్నా ముందు ఓసారి గార తీయించి చిగుళ్లు శుభ్రం చేయించండి. చిగుళ్ల వాపు తగ్గితే షుగరు కూడా కాస్త దిగుతుంది, వాపు లేని చిగురు మీద తీసిన అచ్చు కూడా సరిగ్గా వస్తుంది.

ఈసారి వెళ్లేటప్పుడు మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లి బల్ల మీద కుమ్మరించండి, ఆదివారం మాత్ర అట్టతో సహా. బావగారు డబ్బు పంపుతానంటున్నారు కదా, వద్దనకండి. నీళ్లు చిమ్మే మెషీన్ ఇక్కడొకటి, వాళ్లింట్లో ఒకటి కొనమనండి, ఇక్కడిది అక్కడి ప్లగ్గుకి పనికిరాదు. ఆవకాయ జాడీల మధ్య ఆ ఫ్లాస్ డబ్బాలు రెండు సర్దడం మాత్రం మీ పూచీ.